కాలా, చెయ్యా

బైపాస్‌కు ముందురోజు మా సర్జన్ నా మంచం పక్కన కూర్చున్నారు. గుండెకు అతకడానికి కాలి నుంచి సిర తీసినా, చేతి నుంచి ధమని తీసినా పనిచేస్తుందని, ఏది ఎక్కువకాలం నిలుస్తుందో తెలియకే పరిశోధన చేస్తున్నామని చెప్పారు. నేను ఒప్పుకుంటే, ఏది తీయాలో కంప్యూటర్ చీటీ తీసినట్టు తేలుస్తుందట. ఒప్పుకోకపోయినా ఆపరేషన్ ఆగదన్నారు.

పోర్టులో నాతో క్రేన్ నడిపే జాలరిపేట మిత్రుడు అక్కడే ఉన్నాడు. డాక్టరు వెళ్లగానే, "ఆయనకే తెల్దంటే మనకేటి తెలుస్తాది బావా? వద్దని సెప్పీ" అన్నాడు.

తెలియదని మొహం మీదే చెప్పిన డాక్టరును నేనెప్పుడూ చూడలేదు. భయపడాలో నమ్మాలో తోచలేదు. సాయంత్రం ఆయన మళ్లీ వస్తే, "నా చోట మీ నాన్నగారుంటే మీరేం చేస్తారండీ?" అని అడిగాను.

"ఆయన్నీ పరిశోధనలో చేరమనే అడుగుతానండి" అన్నారు డాక్టరు.

సరేనన్నాను.

మెలకువ వచ్చేసరికి చేతికీ కాలికీ కూడా కట్లున్నాయి. రెండూ కోసేశారేమోనని కంగారుపడ్డాను. చేతి కట్టు బీపీ చూసే గొట్టం కదలకుండా వేసిందని, సిర కాలి నుంచే తీశారని నర్సు చెప్పింది. హమ్మయ్య అనుకోవాలో, చెయ్యి అయితే బాగుండేదనుకోవాలో అర్థం కాలేదు.

ఇప్పుడు బాగానే ఉన్నాను. చెకప్‌కు వెళ్లినప్పుడల్లా, ఏది మెరుగో తేలిందా అని అడుగుతాను.

"ఇంకా లేదండి" అంటారు.