కుడిపక్క

మా అమ్మాయి రోజూ బస్సులో పక్క ఊరు దుర్గ్ వెళ్ళి నాటకం నేర్చుకుంటోంది. ఈమధ్య వాళ్ళకి మాటల్లేకుండా ఒంటితోనే నటించడం నేర్పుతున్నారు. అందుకు ముందు ఏ అలవాటూ కనపడకుండా ఊరికే నిలబడటం, నడవటం రావాలట. ఈ సాయంత్రం సెక్టార్ మార్కెట్‌కి నాతో నడుస్తూ ఆ సంగతే చెప్పింది.

"నాకదే రావట్లేదు నాన్నా. ఎవరితో మాట్లాడినా కుడిపక్కకే తిరుగుతున్నానట. ఎందుకు బేటా, ఎడమపక్క మనుషులు లేరా అన్నారు సర్."

"నువ్వేటన్నావు?"

"అప్పుడేం తెలీలేదు. బస్సులో తట్టింది. చిన్నప్పట్నుంచీ నీకు ఎడమపక్కనే కదా నడిచాను. నీకు కుడి చెవి వినపడదు కదేటి."

నేను ఆగిపోయాను. రేకులు కొట్టే షెడ్డులో పని నేర్చుకునే రోజుల్లోనే ఆ చెవి పోయింది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఎవరికీ తెలియదనే అనుకున్నాను.

"ఎవరు చెప్పారే నీకు?"

"ఎవరూ చెప్పలేదు. అటుపక్క నించుని ఏదడిగినా కొనీవోడివి కాదు. ఇటొచ్చి అడిగితే కొనీవోడివి."

తన చదువుకి నా చెవి అడ్డం కాకూడదని, తిరిగి వచ్చేటప్పుడు తనను కుడిపక్కన నడవమన్నాను. దారంతా ఎడమకి తిరిగి ఏవేవో చెప్పింది. నేను తలూపుతూ వచ్చాను. గేటు దగ్గర ఎడమపక్కకి వచ్చి, "థాంక్స్ నాన్నా, ఇంత తొందరగా ఒప్పుకుంటావనుకోలేదు" అంది.

మీ పిల్లలు మీకు ఏ పక్కన నడుస్తారో ఎప్పుడైనా చూశారా? నేను దేనికి ఒప్పుకున్నానో ఇంకా అడగలేదు.