వెదురుబద్ద మీద అప్పలమ్మ గాటు

సింహాద్రి పడవలు కట్టే వడ్రంగి. అల్లవరం దాటాక ఉప్పుటేరు ఒడ్డున ఒక తాటాకు పాకలో, తండ్రి నేర్పిన పని చేసుకుంటూ బతికినవాడు. తొంభైల మధ్యలో ఫైబరు పడవలు వచ్చిపడ్డాయి. చెక్క పడవ కావాలని అడిగే నాథుడు లేకుండా పోయాడు. ఆరు నెలలు చేతులు ముడుచుకుని కూర్చున్నాక, సత్యనారాయణమ్మగారి ఇంటి నుంచి కబురొచ్చింది.

ఆవిడది కొబ్బరితోటలున్న ఇల్లు. కాకినాడ నుంచి స్టీలు సింకు తెప్పించుకుని, దాని కింద తలుపులున్న చెక్క కబోర్డు కావాలంది.

"రోజూ గచ్చు కడుగుతాం సింహాద్రీ. చెక్కయితే రెండేళ్లకే పుచ్చిపోద్దంటున్నారు."

"పడవ నీళ్లలోనే కదండీ ఉంటాది," అన్నాడు సింహాద్రి.

పని దొరికింది. నేలకి తగలకుండా నాలుగు కాళ్లు పెట్టాడు. చెక్కల సందుల్లో పడవకి కుక్కినట్టే నూలు కుక్కి, గుగ్గిలం కాచి పోశాడు. చుక్క నీరు దిగితే చెయ్యి తీయించుకుంటానన్నాడు. అంత ధీమా.

ఎత్తు దగ్గరే చిక్కొచ్చింది. మేస్త్రీలు అన్ని ఇళ్లకీ ఒకటే లెక్క చెబుతారు. సింహాద్రికి అది నచ్చలేదు. మనిషి నిలబడి చెయ్యి మడిస్తే, మోచేతికి నాలుగు వేళ్లు కిందికి సింకు అంచు రావాలి, అప్పుడే నడుం నొప్పి పుట్టదని తేల్చాడు. తేల్చడం బాగానే ఉంది. పెద్దింటి ఆడమనిషి పక్కన బద్ద పట్టుకుని పరాయి మగవాడు నిలబడేదెలా? ఇంటికెళ్లి పెళ్లాం అప్పలమ్మని వెంటబెట్టుకొచ్చాడు.

అప్పలమ్మ ఆవిడ పక్కన నిలబడి, మోచేయి పక్కన మోచేయి పెట్టి చూసింది. గుమ్మం బయట తల దించుకుని నిలబడ్డ మొగుడికి వినబడేలా, "నామీద రెండు వేళ్లు ఎక్కువయ్యా," అంది. సింహాద్రి వెదురుబద్ద మీద ముందే పెళ్లాం కొలతకి గాటు పెట్టుకున్నాడు. దానికి రెండు వేళ్లు కలిపి కోశాడు. సత్యనారాయణమ్మగారు మొదటి రోజు గిన్నెలు కడిగి, తన కోసమే పుట్టినట్టుంది అంది. ఆ మాట ఊళ్లు తిరిగింది.

పదేళ్లలో అమలాపురం దాకా నలభై ఇళ్లకి కబోర్డులు కట్టాడు. ప్రతి ఇంటికీ సైకిలు వెనక అప్పలమ్మ. ఒకచోట వేలు ఎక్కువ, ఒకచోట మూడు వేళ్లు తక్కువ. "సింహాద్రి టేపు వచ్చిందర్రా," అని ఆడవాళ్లు ఆటపట్టిస్తే ఆమె నవ్వేది. వాళ్లిచ్చిన కాఫీ తాగి ఇంటికొచ్చి, పెరట్లో బోరింగు దగ్గర గొంతుకూర్చుని తన అంట్లు తోముకునేది.

ఇన్ని ఇళ్లకి కట్టినవాడు తన ఇంటికి కట్టలేదు. తిట్టాలనిపిస్తే తిట్టొచ్చు, తప్పు అతనిదే. "ఈ పనవ్వగానే మనింటికే," అనేవాడు. ఆమె "ఆయ్" అనేది. ఆ పనవ్వగానే ఇంకో పని తగిలేది.

చివరికి ఆమె మోకాళ్లు వాచి, బోరింగు గట్టు పట్టుకున్నా లేవలేని స్థితి వచ్చింది. ఇక నేలమీద కూర్చోనే కూడదన్నాడు డాక్టరు. అప్పుడు కళ్లు తెరిచాడు సింహాద్రి. తండ్రి కట్టిన ఆఖరి పడవ విప్పి దాచిన చెక్కలు దించాడు. అంత మంచి కర్ర ఏ ఇంటికీ వాడలేదు. పాత గాటుని నమ్మకుండా ఆమెని కొలతకి రమ్మన్నాడు.

"ఇన్నాళ్లకి నా మోచెయ్యి గుర్తొచ్చిందా నీకు?" అంది అప్పలమ్మ.

గోడకి వీపు ఆనించి, ఊపిరి బిగబట్టి నిటారుగా నిలబడింది. గాటు పాత గాటు మీదే పడింది.

"చూసేవా, పదేళ్లయినా వెంట్రుకవాసి తగ్గలేదు నువ్వు," అన్నాడు సంబరంగా.

 అతను బద్ద తీసుకుని పాకలోకి వెళ్లాక ఆమె గోడ వదిలి మెల్లగా కుర్చీలో కూలబడింది.

వంటింట్లో సింకు కింద కబోర్డు అందంగా కుదిరింది. అప్పలమ్మ మూడేళ్లు అక్కడే అంట్లు తోముకుంది. ఎలా ఉందని అడిగినప్పుడల్లా బాగుందయ్యా అంది. ఆ మూడేళ్లలో సింహాద్రి వంటింటి గుమ్మం దాటి లోపలికి వెళ్లిందే తక్కువ. తను చేసిన తలుపు తను ఒక్కసారి తెరిచి చూసిన పాపాన పోలేదు. 2008 వానల్లో ఒక పొద్దున అప్పలమ్మ గుండె నొప్పంది. ఆటో అమలాపురం చేరేలోపే పోయింది.

పదకొండో రోజు అయ్యాక చుట్టాలు వెళ్లిపోయారు. కూతురు లక్ష్మీతులసి మాత్రం ఆగింది. అంట్లు తోముతూ, "నాన్నా, కింద పైపు కారుతున్నట్టుంది," అంది. సింహాద్రి వచ్చి తలుపు తెరిచాడు. పైపు వెనక, గోడకి నిలువుగా ఆనించి ఒక పీట ఉంది. భోజనాలకి వేసుకునే పాత పీట. నీళ్లకి నానీ నానీ నల్లబడింది. మధ్యలో రెండు పాదాల మేర మాత్రం అరిగి తెల్లగా ఉంది.

"ఇదేంటే ఇక్కడ?"

లక్ష్మీతులసి చేతులు తుడుచుకుంది. "అమ్మ ఎక్కి తోముకునేది నాన్నా. నీ సైకిలు బెల్లు వినపడగానే దిగి లోపల పెట్టేసేది."

"ఎత్తయ్యిందా? గోడకి నిలబెట్టి కొలిచేనే."

"నడుం వంగిపోయింది కదా. ఆ కాసేపు బిగబట్టి నిలబడిందంట. వంగిపోయేనని నువ్వు బాధపడతావనీ, కట్టేక చెబితే సింహాద్రి కొలత తప్పిందని నలుగురూ అంటారనీ... నీకు చెప్పొద్దని ఒట్టేయించుకుంది."

సింహాద్రి పీట పక్కన వేళ్లు పెట్టి చూశాడు. నాలుగు వేళ్ల ఎత్తు. వాచిన మోకాళ్లతో రోజుకి రెండు పూటలా దాని మీదికి ఎక్కి దిగింది. నలభై ఇళ్ల ఆడవాళ్లకి వేలెడు తేడా పట్టి చెప్పిన మనిషి, తన నాలుగు వేళ్లూ మింగేసింది. పదేళ్లు సైకిలు వెనక కూర్చున్న మనిషి వీపు ఎప్పుడు వంగిందో అతనికి తెలియదు. అందరి ముందూ ఏడవని సింహాద్రి ఆ పీట ఒళ్లో పెట్టుకుని ఏడ్చాడు.

మర్నాడు సింకు పైపు విప్పి, కబోర్డు వెల్లకిలా పడుకోబెట్టి రంపం తెచ్చాడు.

"ఇప్పుడెవరికి నాన్నా?" అంది లక్ష్మీతులసి.

అతను నాలుగు కాళ్లూ నాలుగేసి వేళ్లు కోసి, పైపు బిగించి, మళ్లీ నిలబెట్టాడు. కూతురు అత్తారింటికి వెళ్లాక ఆ సింకు దగ్గర అతనే కంచం కడుక్కుంటున్నాడు. పొడుగు మనిషి, బాగా వంగాలి. నడుం పట్టేస్తుంది. ఎత్తు చేసుకోవయ్యా అని చూసినవాళ్లు చెబుతూనే ఉన్నారు. అతను చేసుకోలేదు.