జాజు చెదరని పొయ్యిలు

1994 ఎండాకాలంలో నన్ను కల్వకుర్తి నుంచి అమ్రాబాద్ వైపున్న ఒక గొర్లకాపరుల ఊరికి పంపారు. అప్పుడు నేను కరెంటు తయారుచేసే ఒక ప్రైవేటు కంపెనీలో పొయ్యి మేస్త్రీని. నా మీద సూపర్‌వైజరు, ఆయన మీద ఇంజనీరు. అడవులు మిగలాలని, గాలి చెడిపోకూడదని దేశాలన్నీ మాట్లాడుకుంటున్న రోజులవి. మా కంపెనీ కూడా ఆ దారిలోనే నడవాలని తీర్మానించుకుంది. రైళ్లకొద్దీ బొగ్గు కాల్చే కంపెనీ, ముందుగా గొర్లకాపరుల పొయ్యిల్లో కట్టెలు తగ్గించడానికి పూనుకుంది.

పొగరాని పొయ్యిని మట్టి, ఊక, పేడ కలిపి, కంపెనీ ఇచ్చిన ఇనుప అచ్చు చుట్టూ కట్టాలి. అచ్చు తీస్తే గిన్నెలు పెట్టడానికి రెండు కన్నాలు మిగులుతాయి. వెనుక సిమెంటు గొట్టం పొగను కప్పు మీదికి పంపుతుంది. ఇంటికొక కార్డు ఉండేది. అందులో 'లోపాలు' అన్న గడిలో సూపర్‌వైజరు ఎప్పుడూ 'లేవు' అని రాసేవారు, నేను వేలిముద్ర వేసేదాన్ని. ఆ ఏడే, నలభై దాటాక, అక్షరాలు నేర్చుకున్నాను.

రెండు నెలల తర్వాత ఇంజనీరు తనిఖీకి వచ్చారు. పని నచ్చితే అదే అచ్చుతో చుట్టుపక్కల ఊళ్లన్నిటా పొయ్యిలు కడతారు. నచ్చకపోతే పథకం ఆపి మేస్త్రీలను ఇంటికి పంపుతారు.

మొదటి ఇల్లు మల్లమ్మది. పొయ్యికి ఎర్రటి జాజు పూసి, ముగ్గు పెట్టి ఉంది. మసి చుక్క లేదు. ఇంజనీరు గొట్టంలో వేలు పెట్టి చూసి, అదీ శుభ్రంగా ఉందని మురిసిపోయి, ఫోటో తీయించారు. మంట పెట్టిన పొయ్యి గొట్టానికి వారంలోనే మసి పడుతుంది. అది నాకు తెలుసు. మల్లమ్మను పక్కకు పిలిచాను.

"వంట యాడ చేస్తున్నవక్కా?"

"పెరట్ల మూడు రాళ్ల మీద. నీ పొయ్యి మీద పెనం పెడితే రొట్టె నడుమల మాడుతాంది, అంచులు పచ్చిగుంటున్నయ్. కష్టపడి కట్టినవని రోజు అలుకుతున్న. గంతకన్న ఏం మర్యాద చెయ్యాలె?"

పొగకు ఆమె కళ్లు ఎప్పటిలాగే ఎర్రగా ఉన్నాయి.

సూపర్‌వైజరు కార్డు నా చేతికిచ్చారు. "లేవు అని రాయి యాదమ్మా. ఫికర్ జెయ్యకు, నీ కొలువు నిలుస్తది" అన్నారు.

నాకు భయమే వేసింది. అయినా అక్షరం తర్వాత అక్షరం కూర్చుకుంటూ రాశాను: 'మంట పెనం నడుమకే తగులుతుంది. రొట్టె కాలదు. వంట బయట.' జీపు దగ్గర ఇంజనీరు దాన్ని రెండుసార్లు చదివారు. ఇది నిజమేనా అని మల్లమ్మను అడిగారు.

"నా మాటెందుకు సారూ, కూసోని నువ్వే ఒకటి కాల్చు" అన్నది మల్లమ్మ.

ఆయన కాల్చారు. ఆ రొట్టెను ఇంటి కుక్క వాసన చూసి వదిలేసింది. ఆయన పెనం కొలిచి రాసుకోమని నాకు చెప్పారు.

ఆ కొలతలతో కొత్త అచ్చు వచ్చేదాకా నెలన్నర మాకు పని లేదు. ఆ తర్వాత మల్లమ్మ పొయ్యిని మళ్లీ కట్టాను. తర్వాతి తనిఖీకి వెళ్తే జాజు పెచ్చులూడి, గొట్టం లోపల నల్లగా ఉంది. ఫోటోకు పనికిరాదని సూపర్‌వైజరు నొచ్చుకున్నారు.

కొలువు వదిలేదాకా ఏ ఇంట్లోనైనా ముందు పెనం కొలిచాకే మట్టి తడిపాను. తనిఖీకి వెళ్తే మాత్రం, గొట్టంలో మసి చూశాకే 'లోపాలు లేవు' అని రాశాను.