సార్‌ను పక్కకు జరగమన్న సాయంత్రం

ఎనభైల మొదట్లో నేను ఆళ్లగడ్డలో ధాన్యం గోడౌన్ గుమాస్తాను. మా ఆఫీసరు మద్రాసులో చదువుకున్నాయన. కాపురం నంద్యాలలో. వారానికి రెండుసార్లు తనిఖీకి జీపులో వచ్చేవారు. ఆ ఏడు కొత్త వడ్లు ఇంకా రాలేదు. గోడౌన్‌లో చివరి గది ఖాళీగా ఉంది. సున్నం కొట్టిన గోడలు, కింద నాపబండలు. సార్ లోపలికొచ్చి గోడను అరచేత్తో తట్టి, "ఇది గది కాదయ్యా, స్క్వాష్ కోర్టు" అన్నారు. స్క్వాష్ అంటే గోడకేసి బంతి కొట్టే ఆటట.

మరుసటి వారం రెండు రాకెట్లు, నిమ్మకాయంత నల్ల రబ్బరు బంతి తెచ్చారు. రాకెట్ చెక్కదే గానీ టెన్నిస్ దానికంటే తేలిక, తల చిన్నది. బంతిని కిందికి విసిరితే లేవలేదు.

"ఏంది సారూ, చచ్చిన బంతి అంటగట్నారా మీకు?" అన్నాడు హమాలీ మేస్త్రి.

సార్ దాన్ని గోడకేసి కొడుతూనే ఉన్నారు. కాసేపటికి వేడెక్కి ఎగరడం మొదలుపెట్టింది. ముందు బంతిని వేడి చేసుకోవాలని ఆ రోజు డైరీలో రాసుకున్నాను.

ఎర్ర జాజుతో గీతలు గీశాం. ఎదురు గోడ అడుగున జానెడున్నర ఎత్తు వరకు కిరసనాయిలు డబ్బాల రేకు కొట్టాం. బంతి దానికి తగిలితే ఠంగున మోగుతుంది, కొట్టినవాడు ఆ దెబ్బ ఓడినట్టే. మిగతా నియమాలు కూడా చిన్నవే. ఇద్దరూ ఒకే గోడ వైపు తిరిగి వంతులవారీగా కొట్టాలి. బంతి కింద రెండోసారి పడేలోగా అందుకోవాలి. పక్క గోడలకు తగిలినా ఫరవాలేదు, ఎదురు గోడ చేరాలి. సర్వీసు చేసినవాడు గెలిస్తేనే పాయింటు, తొమ్మిదికి గేమ్. ఎదుటివాడు అడ్డంగా ఉండి మనం కొట్టలేకపోతే ఆగి "లెట్" అనాలి. ఆ పాయింటు మళ్లీ ఆడతారు.

ఈ చివరిది రాసుకున్నంత సులువుగా నోట్లోంచి రాలేదు. సార్ గది నడుమ నిలబడేవారు. ఆయన వీపు వెనక బంతి పడితే నేను రాకెట్ దించేసేవాణ్ణి. ఆఫీసరును అడ్డం తప్పుకోమని ఎట్లా అంటాను? ప్రతి గేమూ ఓడాను. అయినా నాకు ఆ ఆట మీద పిచ్చి పట్టింది.

నవంబరులో సార్‌కు బదిలీ వచ్చింది. "నేను పోయేలోగా ఒక్క గేమ్ నా మీద గెలిస్తే రాకెట్లు నీకే. లేకుంటే నాతో తీసుకుపోతా" అన్నారు. నంద్యాలలో ఆటసామాన్ల కొట్టుకు బస్సెక్కి పోయి అడిగి చూశాను. అటువంటి రాకెట్ వాళ్లు చూడను కూడా చూడలేదు.

చివరి సాయంత్రం హమాలీలంతా వాకిట్లో నిలబడి చూస్తున్నారు. ఎనిమిది, ఏడు. నాది ఎనిమిది, సర్వీసూ నాదే. బంతి తిరిగొచ్చి సార్ వీపు వెనక పడింది. కొడితే ఆయనకే తగులుతుంది. అలవాటు కొద్దీ రాకెట్ దించాను.

"ఆయప్ప యాడ కొట్టల్ల సారూ, నువ్వు గోడ మాదిరి నిలబడితే?" అని మేస్త్రి అరిచాడు. తర్వాత నా వైపు తిరిగి, "నీకు నోరు ల్యాదా అన్నా?" అన్నాడు.

నేను సార్ వైపు తిరిగాను. "లెట్... సార్."

సార్ వెనక్కి తిరిగారు. "అంటే నేను అడ్డం వచ్చానా?"

"వచ్చారు సార్."

ఆయన రాకెట్ చంకలో పెట్టుకుని, "రెండు నెలలయ్యా! ఆట రాక రాకెట్ దించేస్తున్నావనుకున్నాను. ఆడు" అన్నారు.

మళ్లీ ఆడాం. ఈసారి నేను కొట్టేముందు ఆయన పక్కకు జరిగారు. మూడో దెబ్బకు బంతి మూలకు పోయింది. సార్ ముందుకు వంగి కొట్టారు. ఠంగుమంది రేకు. బయట ఈలలు.

రాకెట్లు నా చేతిలో పెట్టి జీపెక్కారు. వడ్లు వచ్చి గది నిండడానికి ఇంకా తొమ్మిది రోజులున్నాయి. రెండో రాకెట్ మేస్త్రికిచ్చాను. అతను ఒక్కసారీ "లెట్" అనలేదు. నేను అడ్డం వస్తే "జరుగప్పా!" అనేవాడు. నేను జరిగేవాణ్ణి.