పెళ్ళి గుర్రం చెవి బిళ్ళ

నరసరావుపేటలో మా ఇంటి వెనక సందులో ఒకతను పెళ్ళి ఊరేగింపులకు గుర్రాన్ని కిరాయికి తిప్పుతాడు. నన్ను అన్నా అంటాడు. గుర్రాన్ని కొన్న కొత్తలో దాని మెడకు తాయెత్తు కట్టబోతుంటే అడ్డం పడ్డాను. ఇది గుర్రాన్నీ కాపాడదు, నిన్నూ ఆదుకోదు, ఇన్సూరెన్స్ చేయించు అని సభలో మాట్లాడినంత గట్టిగా మాట్లాడాను. విన్నాడు. మూఢనమ్మకాల మీద ఇన్నేళ్ళ నా ఉపన్యాసాలకు కళ్ళెదుట కనపడ్డ గెలుపు అదొక్కటే.

ఇన్సూరెన్స్ వాళ్ళు గుర్రం చెవికి పసుపుపచ్చ ప్లాస్టిక్ బిళ్ళ కొట్టారు. ఆ బిళ్ళే దానికి గుర్తు. గుర్రం చచ్చిపోయినా, జబ్బుచేసి ఇక ఏ పనికీ రాకుండా పోయినా డబ్బిస్తారు.

కొన్నాళ్ళకు గుర్రానికి దగ్గు పట్టుకుంది. ఊపిరితిత్తుల జబ్బు, పూర్తిగా తగ్గేది కాదు, దుమ్మూ పొగా తగలనీయొద్దు అన్నాడు పశువుల డాక్టరు. టపాసుల మధ్య నడిచే గుర్రానికి పొగ తగలకుండా ఎట్లా? అయినా పాలసీ ఉంది కదా అని ఇద్దరం ధైర్యంగానే ఉన్నాం.

మొన్న ఎండాకాలం రొంపిచెర్ల దగ్గర పెళ్ళి. బిళ్ళ కనపడకుండా చెవికి బంతిపూల దండ చుట్టాడట. ఊరేగింపు మధ్యలో దగ్గు తెర వచ్చి గుర్రం తల విదిలిస్తే దండ జారిపోయింది.

"ఏందిరా ఈ బిళ్ళ? లోను గేదెలకు గదా కొట్టేది," అన్నాడు పెళ్ళికొడుకు మేనమామ.

"బావా, దిగు. బ్యాంకోళ్ళొచ్చి నిన్ను గూడా తోలుకపోతారు," అన్నాడు ఆడపిల్ల తరఫు కుర్రాడు.

బ్యాండు వాళ్ళు సైతం వాయించడం ఆపి నవ్వారట. పెళ్ళికొడుకు దిగి కారెక్కాడు. ఇంటికొచ్చాక ఇతను కటింగ్ ప్లేయర్‌తో బిళ్ళ కత్తిరించి పారేశాడు.

"కాగితాలున్నాయి గదన్నా, బిళ్ళ లేకపోతే ఏంది?" అన్నాడు, చానా రోజుల తర్వాత నాకు చెబుతూ.

మూఢనమ్మకమైతే వాదించేవాణ్ణి. ఇందులో దేవుడు లేడు, దెయ్యం లేదు, శకునం లేదు. అప్పు చేసి చేసే పెళ్ళిలో గుర్రం మాత్రం అప్పుది అనిపించుకోకూడదు. ఈ పరువును ఏ తర్కంతో కొట్టాలో నాకు ఇప్పటికీ తెలియదు.

వానలు మొదలయ్యేసరికి గుర్రం సందు చివరి దాకా నడవడానికే ఆయాసపడుతోంది. ఇక పనికి తిప్పొద్దన్నాడు డాక్టరు. ఇద్దరం ఇన్సూరెన్స్ ఆఫీసుకు పోయాం.

"బిళ్ళ పోతే వెంటనే చెప్పాలండీ, మళ్ళీ కొట్టేవాళ్ళం," అన్నాడు అక్కడి ఆఫీసరు. "ఇది ఆ గుర్రమేనని ఇప్పుడు నేనెట్లా రాసేది?"

"నా గుర్రం నాకు తెలవదా సార్?"

"మీకు తెలుసు. పై ఆఫీసుకు తెలవదు. కొత్త బిళ్ళ కొట్టి కొత్త పాలసీ ఇస్తాం. ఉన్న జబ్బుకు మాత్రం వర్తించదు."

నేను చాలాసేపు వాదించాను. ఆయన విసుక్కోకుండా విన్నాడు. సాక్ష్యం లేనిదే ఏదీ నమ్మొద్దని ఊరూరా చెప్పింది నేనే. ఆయన కూడా అదే అడుగుతున్నాడు.

కొత్త పాలసీకి డబ్బు కట్టి బయటికొచ్చాం.

"పాము కరిస్తే ఇస్తారంటన్నా?"

"ఇస్తారు."

"లారీ గుద్దితే?"

"ఇస్తారు."

ఇల్లు చేరేసరికి అతనికి నాదెండ్ల నుంచి ఫోను వచ్చింది, పెళ్ళికి గుర్రం కావాలని. కొట్టంలో గుర్రం డొక్కలు ఎగరేస్తూ నిలబడి ఉంది. అతను దానివైపు వీపు తిప్పి, గొంతు తగ్గించాడు.

"ఊరేగింపు ఎంత దూరమండీ?"

వద్దురా అనాలని నోటిదాకా వచ్చింది. వద్దంటే ఎట్లా బతకాలో కూడా నేనే చెప్పాలి.

"టపాసులు గానీ కాలుస్తారా?" అని అడుగుతున్నాడు.