తలలో కావలి

మా చెల్లెలికి మొదటిసారి మూర్ఛ వచ్చింది మడకశిర బస్సులో, కాలేజీకి పోతుండగా. హిందూపురంలో తలకు స్కానింగ్ తీయిస్తే, మెదడులో బద్దెపురుగు పిల్ల తిత్తి కట్టుకుని ఉందన్నారు. మందులతో నయమవుతుందని డాక్టరు అన్నాక గానీ మా ప్రాణాలు కుదుటపడలేదు.

ఆయన మాకు ఓపికగా వివరించాడు. మెదడులో మైక్రోగ్లియా అనే కావలి కణాలుంటాయట. చచ్చిన కణాలను ఊడ్చేస్తూ, క్రిమి దూరితే పట్టి మింగేస్తూ ఉంటాయట. పురుగు బతికున్నంతకాలం వాటి కన్నుగప్పుతుంది. అది చచ్చిందంటే ఈ కావలి కణాలు, వాటికి తోడు రక్తంలోంచి వచ్చేవి, ఒక్కసారిగా మీద పడతాయి. ఆ దాడికి మెదడే వాచిపోవచ్చు.

"అందుకే ముందు వాపు తగ్గించే మాత్ర మొదలుపెట్టాలి. తర్వాతే పురుగు మాత్ర" అని నాకూ నాయనకూ రెండుసార్లు చెప్పి పంపాడు.

మా నాయనది గొర్రెల మంద. వానలకు ముందు ఒక్కో గొర్రె దవడ పట్టి పురుగు మందు పోస్తాడు. పురుగు చస్తే గొర్రె తేరుకుంటుంది, ఆయనకు తెలిసిన వైద్యం అంతే. నేను పని మీద అనంతపురం పోయి వచ్చేసరికి చెల్లెలు తల పట్టుకుని వాంతులు చేసుకుంటోంది. వాపు మాత్రల అట్ట విప్పనే లేదు.

"ఏం మాత్రలేసినావు నాయనా?"

"పురుగుదే. అది సచ్చిపోతే ఇంక వాపు యాటికొస్తాదమ్మా?"

"ఇది నీ గొర్రె అనుకున్నావా!" అని అరిచాను. కోపమొస్తే నాకు చిన్నా పెద్దా తెలియదు. అరుస్తుండగానే చెల్లెలి కళ్లు పైకి తేలిపోయాయి, ఒళ్లంతా కొట్టుకుంది.

ఆటోలో హిందూపురం చేరేలోగా మళ్లీ మూర్ఛ వచ్చింది. దారి పొడుగునా దాని తల ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. కంచె చేను మేసినట్టు, కాపాడాల్సిన కణాలే దాన్ని మింగేస్తాయేమోనని భయం. లోపల ఏం జరుగుతోందో చూడలేను, ఆపమని ఎవరినీ బతిమాలలేను. నాయన దాని పాదాలు పట్టుకుని కూర్చున్నాడు.

ఆసుపత్రిలో సూదిమందులు పడ్డాయి. మర్నాడు మధ్యాహ్నం కళ్లు తెరిచింది. "ఈయనెవరమ్మా?" అని డాక్టరు నాయనను చూపించి అడిగితే ఎంతకీ పలకలేదు. చివరికి "నాయన" అంది.

సాయంత్రం నర్సు వాపు మాత్ర తెచ్చి నాయన చేతిలో పెట్టింది. ఆయన దాన్ని నాకు అందించి గోడవైపు జరిగాడు.

"నువ్వే ఇయ్యమ్మా. నా చేత్తో వద్దు."

నేను మాత్ర నోటి దగ్గర పెడితే చెల్లెలు మూతి బిగించుకుంది. వేలు కూడా సరిగా ఎత్తలేని పిల్ల, ఆయనవైపే చూస్తూ అంది: "నాయన ఇస్తేనే మింగుతా."