గాజులు పైకి తోసుకునే ఆవిడ

ఫలానా మలుపు దగ్గర బండి దానంతటదే ఆగిపోతుందని ఎవరన్నా చెబితే, ముందు ప్లగ్గు తుడుచుకోమని చెప్పే రకాన్ని నేను. దెయ్యాలు, గాలి, ధూళి ఏవీ నమ్మను. ఇది జరిగాక కూడా నమ్మకం కుదరలేదు. ఈ సంగతి రాయడం నాకు పెద్దగా ఇష్టం లేదు. అక్క రాయమని పోరుతోంది, అందుకు రాస్తున్నాను.

మాది నరసరావుపేట. పల్నాడు రోడ్డు వెనక సందులో రెండు గదుల అద్దె ఇల్లు. ఉండేది నేనూ, మా అక్కా. అమ్మ చిన్నప్పుడే పోతే నన్ను పెంచింది అక్కే. నిరుడు ఆమెకి గొంతు కాన్సరని తేలింది. ఆపరేషన్ చేసి గొంతు తీసేశారు. ఇప్పుడు మెడ కింద రంధ్రం, అందులో ఒక ట్యూబు, దాని లోపల ఇంకో సన్న గొట్టం. ఊపిరి అందులోనుంచే. మాట లేదు, అన్నీ చేతి సైగలే. ఒకప్పుడు సందు చివరిదాకా వినపడేలా తిట్టే మనిషి, ఇప్పుడు చిటికెతో తిడుతుంది.

ఆ సన్న గొట్టంలో కఫం ఎండి అడ్డం పడితే ఊపిరి ఆగిపోతుంది. అది జరగకుండా చూడటమే నా పని. అక్క కదిలితే నాకు తెలియాలని తువ్వాలు ఒక కొస ఆమె మణికట్టుకీ, రెండో కొస నా మణికట్టుకీ కట్టుకుని మంచం పక్కన నేల మీద పడుకుంటాను. ఆమె చెయ్యి లాగితే లేస్తాను, గొట్టం తీసి కడిగి ఉంచిన రెండోది పెడతాను, తీసినదాన్ని కడుగుతాను, మళ్ళీ పడుకుంటాను. దాన్ని నిద్ర అనగూడదు. ఒక్కసారి మొద్దునిద్ర పడితే అక్క ఉండదు, ఆ భయం కంటిరెప్పల మీదే ఉండేది.

నా ఉద్యోగం చెబితే నవ్వుతారు. ఒక డాక్టరమ్మ సర్వే చేయిస్తోంది. కాన్సరు రోగుల గురించి కాదు, వాళ్ళని చూసుకునే ఇంటివాళ్ళ గురించి. నిద్ర పడుతోందా, తిండి సయిస్తోందా, బాధ చెప్పుకోవడానికి ఎవరన్నా ఉన్నారా, సాయం పట్టేవాళ్ళున్నారా. జవాబుని బట్టి, బొత్తిగా బాగోలేకపోతే ఒకటి, బాగుంటే ఐదు, అలా అంకె వెయ్యాలి. దీన్ని జీవన నాణ్యత కొలవడం అంటారు. పొద్దున పక్కింటి రమణమ్మ పిన్నిని అక్క దగ్గర కూచోబెట్టి, బండేసుకుని రొంపిచెర్ల, నకరికల్లు, ముప్పాళ్ళ వైపు ఊళ్ళు తిరిగి, మధ్యాహ్నానికి ఇల్లు చేరేవాణ్ణి.

ఈ సర్వేలో ఒక తిప్పలుంది. నిద్ర ఎలా ఉందమ్మా అని అడిగితే, "ఆయనకి రాత్రంతా దగ్గేనయ్యా" అంటారు. మీ నిద్ర గురించి అంటే, "నాదేముందిలే" అంటారు. తమ గురించి అడుగుతున్నారని వాళ్ళ బుర్రకెక్కదు. డాక్టరమ్మ ఒకసారి నన్ను కూచోబెట్టి అవే ప్రశ్నలు అడిగింది. అక్కకి దగ్గు తగ్గిందండీ అన్నాను. ఆమె పెన్ను కింద పెట్టి నావైపు చూసింది.

ఇంకో తిప్పలు కూడా ఉంది. మనవాళ్ళకి సర్వే అంటే పథకం. పేరడిగితే పింఛను వస్తుంది, ఇల్లెన్ని గదులంటే స్థలం వస్తుంది. మేం ఏమీ ఇవ్వమమ్మా, అడిగి పోవడమే అని ఎంత చెప్పినా నమ్మరు.

నకరికల్లు దగ్గర ఒక ఊళ్ళో సాంబ్రాజ్యమ్మ అనే ఆవిడ ఉంది. అరవై దాటాయి. భర్తకి ఊపిరితిత్తుల కాన్సరు. మొదటిసారి వెళ్ళినప్పుడు నిలబడే కునుకుతోంది. సాయం ఎవరన్నా ఉన్నారా అంటే, "ఎవురున్నారు నాయనా, నేనూ ఈ గోడలూ" అంది. అన్నిటికీ ఒకటి అంకె వేసుకుని వచ్చేశాను. వచ్చేటప్పుడు ఎప్పటిలాగే నాకు సిగ్గేసింది.

కొన్ని వారాలకి రెండో విడత అడగాలి. మళ్ళీ వెళ్ళాను. వసారాలో మంచం మీద ఆయన పడుకుని ఉన్నాడు. పక్కన ముక్కాలిపీట మీద ఒకావిడ, నాకు వీపు పెట్టి కూచుంది. చింతపండు రంగు చీర. గిన్నెలో గుడ్డ ముంచి పిండబోతూ ముందు రెండు చేతుల గాజులూ మోచేతుల దాకా పైకి తోసుకుంది. గాజుల చప్పుడుకి ఆయన లేవకూడదని కాబోలు అనుకున్నాను. ఎవరో చుట్టాలామె వచ్చిందిలే, మంచిదే అని పెరట్లోకి నడిచాను. రోగి వినకుండా మాట్లాడాలని మాకు నియమం.

సాంబ్రాజ్యమ్మ వేపచెట్టు కింద మిరపకాయలు తొడిమలు తీస్తోంది. మొహం తేటగా ఉంది. నిద్ర ఎలా ఉందమ్మా అంటే, ఈసారి తన గురించే చెప్పింది.

"బాగా పడతంది నాయనా. మధ్యానం పడుకుంటే పొద్దు వాలిందాకా తెలవట్లేదు. మీరు పంపిచ్చినామె వచ్చి కూచుంటంది గదా."

"మేం ఎవర్నీ పంపలేదమ్మా."

"ఏంది పంపకపోయేది. సాయం ఎవురన్నా ఉన్నారా అని అడిగి పొయ్యారు. వారం తిరక్కముందే వచ్చింది. చానా నిదానం మనిషి. నువ్వు పడుకో అంటది, అంతకుమించి మాట్లాడదు."

ఏ ఊరామె అని అడిగాను. తెలియదంది. పేరడిగితే అదీ తెలియదంది. ఆస్పత్రి మనిషిని ఆరాలు తియ్యడం బాగుండదని ఊరుకుందట. లేచి వసారాలోకి వచ్చాను. పీట ఖాళీగా ఉంది. ఆయన నుదుటి మీద తడిగుడ్డ ఉంది, మనిషి హాయిగా నిద్రపోతున్నాడు. వీధిలోకి చూస్తే ఎండ తప్ప నడిచే మనిషి లేడు. ఎదురింటి అరుగు మీద కూచున్న వాళ్ళు, ఆ ఇంట్లోంచి ఎవరూ బయటికి రాలేదన్నారు.

ఆ ఊరి ఆశా కార్యకర్తని అడిగాను. తను కాదు, ఎవరో తనకీ తెలియదంది. డాక్టరమ్మకి చెబితే, నిద్ర అంకె ఒక్కసారిగా అంత పెరగదు, ఇంకోసారి సరిచూసుకోమంది. నేనూ దాని గురించి ఎక్కువ ఆలోచించలేదు. ఆలోచించడానికి కూడా ఓపిక ఉండాలి. అక్కకి చెప్పలేదు. ఇంటికి వచ్చాక ఊళ్ళ కబుర్లు చెప్పే స్థితిలో నేను లేను.

తర్వాత కొద్ది రోజులకే ఇది జరిగింది. ముందు రాత్రంతా అక్కకి కఫం ఆగలేదు. పొద్దున ముప్పాళ్ళ వెళ్ళి వస్తుంటే బండి మీదే కళ్ళు మూతలు పడ్డాయి, కాలవ గట్టు దగ్గర ఆపి మొహం కడుక్కున్నాను. ఇంటికి రాగానే రమణమ్మ పిన్ని తన కూతుర్ని చూడటానికి చిలకలూరిపేట బయల్దేరింది. ఆమె వెళ్ళాక తలుపు వేసి గడియ పెట్టాను. తువ్వాలు కట్టుకున్నాను. అంతవరకే గుర్తు.

మెలకువ వచ్చేసరికి ఎండ గోడ దిగిపోయి గదిలో మసక పడుతోంది. నా చేతికి తువ్వాలు లేదు. లేచి చూసే ధైర్యం రాలేదు, అక్కా అని పిలిచాను. పలకడానికి గొంతు లేదని తెలిసీ పిలిచాను.

అక్క దిండుకి ఆనుకుని కూచుని నన్నే చూస్తోంది. ఊపిరి శుభ్రంగా ఆడుతోంది. ట్యూబులో కఫం చుక్క లేదు. వాడిన గొట్టం కడిగి గిన్నెలో బోర్లించి ఉంది. మెడ కింద గుడ్డ మార్చి ఉంది. నేను గుడ్డని నలుచదరంగా మడుస్తాను, నాకొచ్చింది అదొక్కటే. అది మూడు మూలలుగా మడిచి ఉంది. మాసిన గుడ్డ ఉతికి కిటికీ ఊచకి ఆరేసి ఉంది. నా మణికట్టు నుంచి విప్పిన తువ్వాలు కొస మంచం పట్టెకి ముడేసి ఉంది. అక్క కదిలినా నాకు మెలకువ రాకూడదని ఎవరో చేసిన పని అది.

గడియ పెట్టింది పెట్టినట్టే ఉంది. నిద్రలో నేనే చేశానేమో అనుకుందామంటే ఆ మడత నాకు రాదు. అక్క చేసుకుందా అంటే, ఆపరేషన్ తర్వాత ఆమె కుడిచెయ్యి భుజం దాకా లేవదు.

ఎవరక్కా అని అడిగాను. అక్క నావైపు చూపించి, అరచెయ్యి చెంప కింద పెట్టింది. పడుకోనియ్యమందని. పెదాల మీద వేలు పెట్టి చూపించింది. తర్వాత ఎడమచేత్తో తన కుడిచేతిని మణికట్టు నుంచి మోచేతి దాకా మెల్లిగా పైకి నిమిరింది. మొదట అర్థం కాలేదు. మళ్ళీ అలాగే చేసింది, ఈసారి రెండో చేతికి కూడా. గాజులు పైకి తోసుకోవడం.

భయం వేసిందని చెబితే అబద్ధం. ఏడుపొచ్చింది. ఎన్ని నెలల తర్వాతో కంటినిండా నిద్రపోయాను, అక్క బతికే ఉంది. అదొక్కటే బుర్రలో తిరిగింది.

కాసేపటికి తేరుకుని సాంబ్రాజ్యమ్మకి ఫోను చేశాను. ఆమె ఇవాళ వచ్చిందా అని అడిగాను.

"లేదు నాయనా. నేనే మీకు చేద్దామనుకుంటన్నా. ఇయ్యాల వేరే ఇంటికి ఏశారా ఆమెని?"

ఏం చెప్పను? మేం పంపలేదని మళ్ళీ చెప్పబుద్ధి కాలేదు.

"అవునమ్మా, ఇవాళ్టికి వేరే ఇంటికి వేశాం. రేపు మీ దగ్గరికే వస్తుంది" అన్నాను.

"పోన్లే పాపం, ఆ ఇంటోళ్ళు కూడా కాసేపు పడుకుంటారు" అందావిడ.

మర్నాడు ఆమె నిజంగానే సాంబ్రాజ్యమ్మ ఇంటికి వెళ్ళిందట. మా ఇంటికి మళ్ళీ వచ్చిందో లేదో నాకు తెలియదు. వస్తే నేను నిద్రలో ఉంటాను కదా. అక్కని అడిగితే నవ్వుతుంది, అంతే. డాక్టరమ్మకి ఇదంతా చెబితే చాలా అలసిపోయి ఉన్నావు, సెలవు తీసుకో అంది. అలసిపోయిన మాట నిజమే. అలసిపోయినవాడికి గుడ్డ మూడు మూలలుగా మడవడం ఎలా వచ్చిందో మాత్రం ఆమె చెప్పలేదు. నేనూ చెప్పలేను.

ఇప్పుడు మధ్యాహ్నం అన్నం తినగానే అక్క చిటికె వేసి ముక్కాలిపీట చూపిస్తుంది. దాన్ని మంచం పక్కన వేస్తాను. తలుపు దగ్గరగా వేస్తాను గానీ గడియ పెట్టడం మానేశాను. గడియ ఆమెకి అడ్డం కాదని నాకు తెలుసు. మన ఇంటికి సాయానికి వచ్చే మనిషికి గడియ పెట్టి ఉంచితే బాగుండదు.